చల్లని తీగను నమ్ముకున్న రాబర్ట్ విల్సన్

చికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో అరోరా బాలాజీ గుడికి వెళ్ళనివాళ్ళు అరుదే. శనాదివారాలు వస్తే పిల్లల్ని కార్లో ఎక్కించుకుని ఐ-88 మీద పడమటికి బయల్దేరతాం. అరోరా దగ్గర పడుతుండగా కుడివైపు చెట్ల పైనుంచి ఓ వింత భవనం తొంగిచూస్తుంది. రెండు చేతులు జోడించి దండం పెడుతున్నట్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి మేమూ దాన్ని చూస్తూ పోయినవాళ్ళమే. ఏదో పెద్ద కంపెనీ ఆఫీసు అనుకున్నాం. అది ఫెర్మీ ల్యాబ్ అనీ, పదహారు అంతస్తుల ఆ భవనం పేరు విల్సన్ హాల్ అనీ తెలిశాక, ఎవరీ విల్సన్ అని ఆరా తీశాం. తీస్తే తేలింది.. ఈయన ఓ పశువుల కాపరి, కమ్మరి, శిల్పి, అణుబాంబు పనిలో చెయ్యిపెట్టి జీవితాంతం బాధపడ్డ మనిషి. అన్నిటికీ మించి, వెంట్రుకలంత సన్నటి లోహపు పోగులున్న ఓ తీగను నమ్ముకుని కుర్చీ వదులుకున్న శాస్త్రవేత్త. 2000లో కన్నుమూసిన రాబర్ట్ రాత్‌బన్ విల్సన్ కథ ఇది.

కొలిమి దగ్గర మొదలు

విల్సన్ 1914 మార్చి 4న వయోమింగ్ రాష్ట్రంలో ఫ్రాంటియర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఎనిమిదేళ్ళప్పుడే తల్లిదండ్రులు విడిపోయారు. బడులు మారుతూ, బంధువుల ఇళ్ళలో ఉంటూ చదివాడు. పశువుల్ని మేపే రాంచీల్లో పని చేశాడు. అక్కడ ఏదైనా విరిగితే బాగుచెయ్యడానికి ఊరికి పరుగెత్తే వీలుండదు. ఇనుము కాల్చాలన్నా, సాగదీయాలన్నా, అతకాలన్నా మనమే చేసుకోవాలి. ఆ కొలిమి పని ఆ కుర్రాడి చేతికి బాగా పట్టుబడింది. తర్వాత ఎంత పెద్ద యంత్రం తలపెట్టినా, ఇది నా చేతులతో చేస్తే ఎలా ఉంటుంది అన్న కొలిమి కాడి లెక్కే ఆయనది.

1932లో బర్క్‌లీ చేరాడు. సైక్లోట్రాన్ కనిపెట్టిన ఎర్నెస్ట్ లారెన్స్ దగ్గర పరిశోధన. అక్కడ మనవాడికి ఉద్యోగం ఒకసారి కాదు, రెండుసార్లు పోయింది! మొదటిసారి సైక్లోట్రాన్‌లోని ఓ రబ్బరు సీలు పోగొట్టినందుకు. మళ్ళీ తీసుకున్నాక, వెల్డింగ్ చేస్తూ ఖరీదైన పట్టకారు కరిగించినందుకు. తిరిగి రమ్మన్నా వెళ్ళలేదు. 1940లో డాక్టరేట్ పుచ్చుకుని, అదే ఏడు జేన్‌ను పెళ్ళాడి ప్రిన్స్‌టన్ దారి పట్టాడు. ఉద్యోగం పోయిందని కుంగిపోయే మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

బాంబు నీడ

యుద్ధకాలం. 1943లో విల్సన్ తన బృందంతో సహా లాస్ అలమోస్ చేరాడు. ముప్పై ఏళ్ళకే ప్రయోగాత్మక పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. హిట్లర్ చేతికి బాంబు ముందు దక్కకూడదన్నదే ఆయన్ని అక్కడికి నడిపించిన భయం. 1945 మేలో జర్మనీ లొంగిపోయింది. మరి ఇంకా ఎందుకు చేస్తున్నాం అన్న ప్రశ్న చాలామంది మనసులో మెదిలినా, పని మాత్రం ఆగలేదు. అంతకు ముందే ఈ ఆయుధం నాగరికతను ఏం చేస్తుందో మాట్లాడుకుందామని సహోద్యోగుల్ని పిలిచి సభ పెట్టినవాడు విల్సన్. కానీ ఆయనా పనిలోనే ఉండిపోయాడు. జూలై 16న ఎడారిలో తొలి బాంబు పేలింది. చుట్టూ అందరూ సంబరపడుతుంటే ఆయన మాత్రం మొహం వేలాడేసుకుని కూర్చున్నాడట. ఆ తర్వాత హిరోషిమా, నాగసాకి.

జర్మనీ ఓడిన రోజే నేను లేచి ఎందుకు వెళ్ళిపోలేదు అన్న బాధ చివరిదాకా వెంటాడిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయుధాల జోలికి పోలేదు. అణుశక్తి సైన్యం చేతిలో ఉండకూడదని పోరాడిన శాస్త్రవేత్తల సంఘానికి నాయకత్వం వహించాడు.

1946లో ఆయన రాసిన ఓ చిన్న వ్యాసం గురించి తప్పక చెప్పుకోవాలి. ప్రోటాన్ కణాలు శరీరంలోకి దూసుకెళ్ళినప్పుడు దారిలో కొద్దిగా, ఆగే చోట ఎక్కువగా శక్తిని వదుల్తాయి. అలాంటప్పుడు చుట్టుపక్కల కండను పెద్దగా పాడుచెయ్యకుండా లోపలి కేన్సర్ గడ్డను కాల్చవచ్చు కదా అని ఆయన ఆలోచన. ఇవాళ ప్రపంచమంతా వాడే ప్రోటాన్ చికిత్సకు మూలం అదే. 2019లో చెన్నైలోనూ అలాంటి కేంద్రం మొదలైంది. హార్వర్డ్ కోసం ఆయన రూపకల్పన చేసిన సైక్లోట్రాన్ 2002 దాకా రోగులకు చికిత్స చేసింది. ఒక చేత్తో చేసినదానికి ఇంకో చేత్తో ప్రాయశ్చిత్తం చేసుకున్నాడేమో అనిపిస్తుంది మాకు.

బటేవియా పొలాల్లో

కార్నెల్ యూనివర్సిటీలో ఇరవై ఏళ్ళు ఒకదాని తర్వాత ఒకటిగా యాక్సిలరేటర్లు కట్టాడు. 1967లో, 53 ఏళ్ళ వయసులో, చికాగోకు పడమర 6,800 ఎకరాల్లో కొత్త జాతీయ ప్రయోగశాల కట్టే బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి అక్కడున్నవి మొక్కజొన్న చేలు, వెస్టన్ అనే ఊరు. రైతుల ఇళ్ళను కూలగొట్టకుండా ఒకచోటికి జరిపించి వాడుకున్నాడు. 1969లో అడవిదున్నల్ని తెప్పించాడు. వాటి సంతతి మంద ఇప్పటికీ అక్కడ మేస్తూ కనిపిస్తుంది.

1968లో, అమెరికాలో జాతి వివక్ష మీద గొడవలు రగులుతున్న రోజుల్లో, తన ల్యాబ్‌లో వివక్షకు చోటు లేదనీ, పని తొందరా మనిషి హక్కా అన్న ప్రశ్న వస్తే హక్కు వైపే నిలబడతామనీ రాతపూర్వకంగా ప్రకటించాడు. చికాగో నల్లజాతి యువకులకు టెక్నీషియన్లుగా శిక్షణ ఇప్పించాడు. మనలాగా బయటినుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నవాళ్ళకు ఆ ప్రకటన విలువ వేరే చెప్పక్కర్లేదు.

1969లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందుకు పిలిచారు. ఇంత డబ్బు పోసి కట్టే ఈ యంత్రం దేశ రక్షణకు ఏమన్నా పనికొస్తుందా అని ఓ సెనెటర్ గుచ్చి గుచ్చి అడిగాడు. ఏదో ఒకటి కల్పించి చెబితే డబ్బు సులువుగా వచ్చేది. విల్సన్ ఆ పని చెయ్యలేదు. రక్షణతో దీనికి సంబంధం లేదనీ, ఇది కవిత్వం, శిల్పం లాంటిదనీ, అలాంటివి ఉన్నప్పుడే దేశం కాపాడుకోదగ్గదవుతుందనీ భావం వచ్చేట్టు బదులిచ్చాడు. బాంబు చేసి వచ్చిన మనిషి నోట అది ఉత్తి మాట కాదు.

తొలి యంత్రం చుట్టుకొలత నాలుగు మైళ్ళు. అందులో రాగి తీగలు చుట్టిన ఇనుప అయస్కాంతాలు 1,014. ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో బిగించినవి. 1971లో చలికాలం పోయి ఉక్క మొదలయ్యేసరికి సొరంగంలో చల్లని అయస్కాంతాల మీద తేమ చేరింది. ఇన్సులేషన్ పగుళ్ళలోకి నీళ్ళు దిగి షార్ట్ అయ్యాయి. సుమారు 350 అయస్కాంతాలు మార్చాల్సి వచ్చింది. చౌకగా, తొందరగా కడితే ఇంతేనని బయట నవ్వుకున్నారు. అయినా 1972 మార్చి 1న అనుకున్న 200 జీఈవీ శక్తి సాధించారు. పైగా బడ్జెట్ దాటకుండా! 1974లో ప్రయోగశాలకు ఎన్రికో ఫెర్మీ పేరు పెట్టారు.

ఇంకొకరైతే అక్కడితో కాళ్ళు చాపుకునేవారు. విల్సన్ అదే సొరంగంలో, పాత అయస్కాంతాల కింద ఇంకో వలయం పెట్టి శక్తిని రెట్టింపు చెయ్యాలనుకున్నాడు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

తీగ ఎందుకు మారాలి

కణం వేగం పెరిగేకొద్దీ దాన్ని వలయంలో వంచడం కష్టం. ఎక్కువ బలమున్న అయస్కాంతం కావాలి. ఇనుముతో చేసిన అయస్కాంతం రెండు టెస్లాల దగ్గర అలిసిపోతుంది. రాగి తీగలో ఎంత కరెంటు పంపితే అంత వేడి, అంత కరెంటు బిల్లు. దీనికి విరుగుడు సూపర్ కండక్టర్. కొన్ని లోహాల్ని విపరీతంగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డు అనేదే లేకుండా పోతుంది. 1911లో హాలెండ్‌లోని లైడెన్‌లో కామర్‌లింగ్ ఓనెస్ పాదరసంలో ఇది కనిపెట్టాడు. అలాంటి తీగతో బ్రహ్మాండమైన అయస్కాంతం చెయ్యొచ్చని అప్పుడే కలగన్నాడు. కానీ సీసంతో చుట్ట చుట్టి చూస్తే, కాస్త అయస్కాంత బలం పెరగ్గానే ఆ గుణం కాస్తా మాయమైపోయింది. దాదాపు యాభై ఏళ్ళు ఆ కల మూలన పడింది. 1960లలో నియోబియం కలిసిన మిశ్రమాలు వచ్చాకే మళ్ళీ లేచింది.

విల్సన్ బృందం నమ్ముకున్నది నియోబియం టైటానియం. ఆ తీగ తయారీ చూస్తే మన కంసాలి పని గుర్తొస్తుంది. కంసాలి బంగారు కడ్డీని కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగి లాగి సన్నతీగ చేస్తాడు కదా. ఇక్కడా అంతే. మిశ్రమ లోహపు కడ్డీల్ని రాగి గొట్టాల్లో దూర్చి, అలాంటివి రెండువేల పైచిలుకు ఒక పెద్ద రాగి డబ్బాలో పేర్చి, వేడిచేసి బయటికి నొక్కి, రంధ్రాల్లోంచి లాగుతారు. చివరికి మిల్లీమీటరులో మూడింట రెండు వంతుల లావున్న తీగ వస్తుంది. దాని లోపల రెండువేల పోగులు.. ఒక్కోటి తల వెంట్రుక కన్నా ఎంతో సన్నం. అలాంటి తీగలు 23 కలిపి చదునుగా అల్లితే ఒక కేబుల్. ఆ అల్లిక ఇంగ్లాండ్‌లోని రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో పుట్టింది.

అప్పటికి ఇంత తీగ ఎవరూ కొనలేదు, ఎవరూ చెయ్యలేదు. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా చేస్తే గుణం ఒకేలా ఉండదు. అందుకని ఫెర్మీ ల్యాబే లోహపు కడ్డీలు, రాగి గొట్టాలు కొని, కిట్లుగా కట్టి కంపెనీలకు ఇచ్చింది. చేసే పద్ధతి ఇది, ముడిసరుకు ఇది, తీగ లాగి తీసుకురండి అంది. ఇవాళ ఆసుపత్రుల్లో మనం దూరి పడుకునే ఎంఆర్ఐ మిషన్‌లోనూ ఇదే జాతి తీగ ఉంటుంది. ఆ పరిశ్రమ నిలదొక్కుకోవడానికి ఈ పెద్ద ఆర్డరు చాలా సాయపడింది.

పరీక్ష అంటే ఏమిటి

తీగ వచ్చింది. అది మంచిదో కాదో ఎలా తెలియాలి? పైకి చూస్తే అంతా రాగే. తూకం, కొలత సరిపోయినంత మాత్రాన సరిపోదు. ప్రతి చుట్ట నుంచి ఓ ముక్క కత్తిరిస్తారు. దాన్ని ద్రవ హీలియంలో ముంచుతారు. అంటే మైనస్ 269 డిగ్రీలు. బయటినుంచి బలమైన అయస్కాంత క్షేత్రం పెడతారు. ఇక కరెంటు మెల్లగా పెంచుకుంటూ పోతారు. ముక్క రెండు చివరల మధ్య వోల్టేజీ సున్నా ఉన్నంతసేపూ తీగ మాట మీద నిలబడినట్టే. ఎక్కడో ఒకచోట మైక్రోవోల్టుల్లో కదలిక కనిపిస్తుంది. తీగ హద్దు అదన్నమాట. ఉష్ణోగ్రత, అయస్కాంత క్షేత్రం, కరెంటు.. ఈ మూడింటిలో ఏది గీత దాటినా సూపర్ కండక్టర్ ఒక్కసారిగా మామూలు లోహమైపోతుంది. మామూలు లోహంగా చూస్తే నియోబియం టైటానియం రాగి కన్నా ఎంతో నాసిరకం వాహకం.

ముక్క పాసైనంత మాత్రాన అయస్కాంతం పాసవదు. విల్సన్ బృందానికి చుక్కలు చూపించింది ఇదే. తీగ ఒంటరిగా మోసినంత కరెంటును చుట్టలో మొయ్యదు. చుట్టలో వేల ఆంపియర్లు పారేసరికి తీగల్ని పక్కకు నెట్టే బలం టన్నుల లెక్కన ఉంటుంది. తీగ వెంట్రుక మందం జరిగినా చాలు, ఆ ఒరిపిడికి పుట్టిన ఇంత వేడితో అక్కడ సూపర్ కండక్టర్ గుణం పోతుంది. అంత చలిలో లోహం వేడెక్కడానికి చాలా కొద్ది శక్తి చాలు మరి. వేడి పక్కకు పాకుతుంది. హీలియం భగ్గున ఆవిరవుతుంది. దీన్నే క్వెంచ్ అంటారు. క్షణంలో పసిగట్టి కరెంటును మళ్ళించకపోతే తీగ కరిగిపోతుంది. తీగలో అంత రాగి పెట్టేది కూడా అందుకే. ఆపద వేళ కాసేపు కరెంటు మోసేది అదే.

ఇంకో విచిత్రం ఉంది. మొదటిసారి తక్కువ కరెంటుకే క్వెంచ్ అయిన అయస్కాంతం, రెండోసారి కొంచెం ఎక్కువ, మూడోసారి ఇంకొంచెం ఎక్కువ మోస్తుంది. కొత్త ఎద్దును కాడికి అలవాటు చేసినట్టు. దీనికి ట్రైనింగ్ అనే పేరే పెట్టారు.

పెద్ద అయస్కాంతం ఒకటి జాగ్రత్తగా గీసి, లెక్కలు వేసి, రెండేళ్ళకు చేసి చూసుకోవడం ఒక దారి. విల్సన్ దారి అది కాదు. అడుగు పొడవున్న చిన్న నమూనాలు చకచకా చెయ్యి, చల్లబరుచు, కరెంటు పంపు, పాడైతే విప్పి చూడు, మళ్ళీ చెయ్యి. కొలిమి కాడ నేర్చిన చదువు అది. 1975లో కాల్‌టెక్ నుంచి వచ్చిన ఆల్విన్ టాలెస్ట్రప్ ఈ పనిలో కీలకమయ్యాడు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకుల్ని కాలర్లుగా చేసి చుట్టను ఉక్కుపిడికిట్లో బిగించే పద్ధతితో తీగ కదలిక అదుపులోకి వచ్చింది.

అదే సమయంలో న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లో ఇసబెల్ అనే యంత్రం తలపెట్టారు. అక్కడ తొలినాటి నమూనా ఒకటి బాగా పనిచేసింది. ఆ ధీమాతో ముందుకు వెళ్ళారు. తర్వాత వచ్చిన అయస్కాంతాలు అనుకున్న బలం అందుకోలేదు. దోషం దిద్దుకునేసరికి కాలం మించిపోయి 1983లో ఆ యంత్రమే రద్దయింది. ఒకటి గెలిచిందని పండగ చేసుకోవడం వేరు, వందల్లో ఒక్కటీ ఓడకుండా చూసుకోవడం వేరు.

కుర్చీ వదిలాడు

ఇన్ని నమూనాలు తగలెయ్యాలంటే డబ్బు కావాలి. వాషింగ్టన్ నుంచి వచ్చేది ఎటూ చాలలేదు. ఉన్న యంత్రాన్ని నడపాలా, కొత్తది కట్టాలా? రెండూ చేద్దామంటే ప్రయోగాలు చేసేవాళ్ళు తమ వాటా తగ్గుతోందని సణిగారు. విల్సన్ గోరంత డబ్బుతో కొండంత పని చేయించగలడన్న పేరే ఆయనకు శత్రువైంది. ఎలాగూ చేస్తాడులే అనుకుని ఇచ్చేవాళ్ళు చేతులు ముడుచుకున్నారు. 1978లో సరిపడా నిధులు ఇవ్వకపోతే దిగిపోతానని రాజీనామా పంపాడు. బతిమాలతారనుకున్నాడో లేదో మనకు తెలియదు. వాళ్ళు ఆమోదించేశారు.

ఈయన తప్పు కూడా ఉందని చెప్పుకోకపోతే అన్యాయం. మొండివాడు. అంతా తన చేతి మీదుగా జరగాలనేవాడు. చౌక పట్టింపు వల్ల 1971లో ఎంత నష్టమైందో చూశాం. కానీ తీగ విషయంలో ఆయన నమ్మకం నిజమైంది. తర్వాత డైరెక్టరైన లియాన్ లెడర్‌మన్ అదే దారిలో నడిచాడు. 6.4 మీటర్ల పొడవున్న 774 డైపోల్ అయస్కాంతాల్ని తయారుచేసి, ఒక్కొక్కదాన్నీ చల్లబరిచి, పరీక్షించి సొరంగంలోకి దించారు. 1983 జూలై 3న ఆ వలయం 512 జీఈవీ అందుకుని ప్రపంచ రికార్డు సృష్టించింది. ఇసబెల్‌ను ఆపెయ్యమని నిపుణుల కమిటీ సిఫార్సు చేసింది కూడా ఆ నెలలోనే. అప్పటికి విల్సన్ వయసు 69. కుర్చీ లేదు, కీర్తిలో పెద్దవాటా వేరేవాళ్ళది.

ఆ యంత్రమే టెవట్రాన్. 1995లో టాప్ క్వార్క్ దొరికింది అక్కడే. ఆ వెతుకులాటలో ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళూ పాలుపంచుకున్నారు. 2011 సెప్టెంబర్ 30న టెవట్రాన్ ఆగింది. కానీ తీగ కథ ఆగలేదు. జెనీవా దగ్గర ఎల్‌హెచ్‌సీలో 1,232 పెద్ద డైపోల్ అయస్కాంతాలున్నాయి. వాటిలోనూ నియోబియం టైటానియమే. వాటి శీతల పరీక్షల్లో మన దేశం నుంచి వెళ్ళిన ఇంజినీర్లు పగలూ రాత్రీ పనిచేశారు. ఇండోర్ కేంద్రం ఆధ్వర్యంలో భారత్ నుంచి దిద్దుబాటు అయస్కాంతాలు వెళ్ళాయి. 2012లో హిగ్స్ కణం దొరికిన యంత్రం అదే.

మళ్ళీ బాలాజీ గుడి దారిలో

విల్సన్ శిల్పి కూడానని మొదట్లో చెప్పుకున్నాం. ల్యాబ్ ముంగిట ఆకాశంలోకి లేచిన ఉక్కు స్తంభం ఆయన చేసినదే. దానికోసం వెల్డింగ్ పని మళ్ళీ అప్రెంటిస్‌గా నేర్చుకున్నాడు. పట్టకారు కరిగించి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, అరవై దాటాక, డైరెక్టర్ హోదాలో! టెవట్రాన్ అయస్కాంతాలకు వాడగా మిగిలిన స్టీలు గొట్టాలతో చేసిన ఇంకో శిల్పం కూడా అక్కడే ఉంది. తనకు దక్కని యంత్రం మిగుల్చిన తుక్కును కూడా ఆయన ప్రేమగానే చూసుకున్నాడు.

2000 జనవరి 16న ఇతాకాలో 85 ఏళ్ళ వయసులో పోయాడు. తీసుకొచ్చి ఫెర్మీ ల్యాబ్ ఆవరణలోని పాత రైతుల శ్మశానంలో పూడ్చారు. పెద్ద సమాధి మందిరమేం లేదు. ఆ నేలను దున్నిన తొలి రైతుల పక్కన ఆయనా ఒకడు.

ఈసారి అరోరా వెళ్ళినప్పుడు వీలుంటే కాస్త ముందు బయల్దేరండి. లోపలికి అనుమతి నిబంధనలు ముందే కనుక్కుని, గుర్తింపు కార్డు వెంట పెట్టుకోండి. పిల్లలు అడవిదున్నల్ని చూసి సరదాపడతారు. మార్కులు తగ్గాయనో, ఇంటర్వ్యూ పోయిందనో మొహం వేలాడేసిన పిల్లవాడు వెనక సీట్లో ఉంటే, ఆ చేతులు జోడించిన భవనం చూపించి ఈ కథ చెప్పండి. రెండుసార్లు గెంటేసిన కుర్రాడి పేరే దాని మీద ఉందని చెప్పండి. సున్నా దగ్గర నిలబడ్డ ముల్లు ఎప్పుడు కదులుతుందో తెలియకపోయినా కరెంటు పెంచుతూ పోవాలనీ, ఓడిన ప్రతిసారీ విప్పి చూసుకోవాలనీ చెప్పండి. మేమైతే మా పిల్లలకు అదే చెప్పాం.